జి.డి. నాయుడు బండ్లు, వాటి వెనక గాలి

కోయంబత్తూరులో అవినాశి రోడ్డు మీద 2025 అక్టోబరులో పది కిలోమీటర్ల పైవంతెన ఒకటి తెరిచారు. దానికి జి.డి. నాయుడు పేరు పెట్టారు. ఆ పేరు వినని తెలుగు ఇల్లు ఈ పక్క ఉండదు. ఆయన ఎవరని అడిగితే మాత్రం చాలామంది ఒకే జవాబు చెబుతారు. రేజరు కనిపెట్టాడు, కారు చేశాడు, మనవాడే, ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళు. అంతటితో ఆపేస్తారు. ఈసారి ఆయన జీవితాన్ని కొంచెం వెనక వైపు నుంచి, అంటే బండి పొగగొట్టం వైపు నుంచి చూద్దాం. ఆయన బతుకంతా ఇంజన్లతో గడిచింది. ఇంజనులోకి పోయిన పెట్రోలు ఏమవుతుంది, ఎక్కడికి పోతుంది అన్నది ఇవాళ లోకమంతా అడుగుతున్న ప్రశ్న.

పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. రైతు కుటుంబం. పదహారో శతాబ్దంలో మదురైలో నాయకరాజుల పాలన మొదలైన దగ్గర్నుంచి తెలుగు కుటుంబాలు ఎన్నో మదురై సీమకు, కొంగునాడుకు వచ్చి స్థిరపడ్డాయి. నల్లరేగడి భూములు దున్ని, బావులు తవ్వి, పత్తి పండించాయి. నాలుగు వందల ఏళ్ళు దాటినా ఇండ్లలో తెలుగు పోలేదు. రాసేది అరవం, పిల్చుకునేది తెలుగు. కలంగల్ కూడా అలాంటి వాతావరణంలో ఉన్న ఊరే.

బడి అంటే ఆయనకు పడలేదు. అయ్యవారి మీద ఇసుక చల్లి పారిపోయేవారని కథలుగా చెప్పుకుంటారు. బడి చదువు చిన్న తరగతులు దాటలేదు. ఆ తర్వాత ఒకరోజు ఒక తెల్లదొర, రెవెన్యూ అధికారి, మోటారు సైకిలు మీద ఆ పక్కకు వచ్చాడు. ఎద్దులు లేవు, గుర్రం లేదు, బండి పోతోంది! కుర్రవాడి మనసు దాని మీదే నిలిచిపోయింది. కోయంబత్తూరు వచ్చి హోటల్లో సర్వరుగా చేరారు. రూపాయి రూపాయి కూడబెట్టి ఆ రడ్జ్ బండినే మూడు వందలకు కొన్నారు. ఎవరైనా అయితే ఎక్కి తిరుగుతారు కదా. ఆయన దాన్ని ముక్కలు ముక్కలుగా విప్పి నేల మీద పరిచి, మళ్ళీ బిగించారు. ఇంజనీరింగు చదువంటే ఆయనకు అదే.

ఆయన విప్పి చూసిన ఇంజను చేసే పని చాలా సులువైనది. పెట్రోలు ఆవిరిని గాలితో కలిపి సిలిండరులోకి పంపుతారు, నిప్పురవ్వ తగులుతుంది, అది మండి పిస్టన్‌ను తోస్తుంది. మండిన తర్వాత మిగిలింది గొట్టంలోంచి బయటికి పోతుంది. మిగిలింది అంటే ఏమిటి? పెట్రోలులో ఉండేది ముఖ్యంగా కార్బన్, హైడ్రోజన్. హైడ్రోజన్ మండితే నీటి ఆవిరి అవుతుంది. కార్బన్ పూర్తిగా మండితే కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఒక లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలో దగ్గర ఉంటుంది. అది కాలితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ సుమారు 2.3 కిలోలు. ముప్పావు కిలో పోస్తే రెండు కిలోలకు పైన ఎలా వచ్చింది అని అనుమానం రావాలి. ప్రతి కార్బన్ పరమాణువూ గాలిలోంచి రెండేసి ఆక్సిజన్ పరమాణువుల్ని పట్టుకుని బయటికి వస్తుంది. ఆ ఎక్కువ బరువంతా ఆక్సిజన్‌ది.

ఈ వాయువుకు రంగు లేదు. మామూలుగా మనకు తెలిసే వాసనా లేదు. మెకానిక్కు కంటికి కనిపించేది నల్లపొగ. నల్లపొగ వస్తే ఇంజను సరిగ్గా మండడం లేదని తెలిసి సర్దుతాడు. బాగా సర్దిన ఇంజనులో కార్బన్ దాదాపు అంతా కార్బన్ డయాక్సైడ్‌గానే మారుతుంది. పొగ కనబడదు కాబట్టి బండి శుభ్రంగా ఉంది అనుకుంటాం. నాయుడుగారి తరంలో ఇంజన్లు పట్టుకున్న వాళ్ళందరూ అలాగే అనుకున్నారు. తప్పు పట్టడానికి ఏమీ లేదు.

కానీ ఆ వాయువు గురించి తెలిసినవాళ్ళు అప్పటికే ఉన్నారు. ఆయన పుట్టడానికి 37 ఏళ్ళ ముందు, 1856లో, యూనిస్ ఫుట్ అనే అమెరికా ఆవిడ రెండు గాజు గొట్టాలు, నాలుగు థర్మామీటర్లు పెట్టుకుని ఒక ప్రయోగం చేసింది. ఒక గొట్టంలో మామూలు గాలి, ఇంకోదానిలో కార్బన్ డయాక్సైడ్ నింపి ఎండలో పెట్టింది. రెండోది ఎక్కువ వేడెక్కింది, నీడలోకి తెచ్చాక చల్లారడానికి చాలాసేపు పట్టింది. గాలిలో ఈ వాయువు ఎక్కువైతే భూమి వేడెక్కుతుందని ఆమె రాసింది. ఆ వ్యాసాన్ని పండితుల సభలో చదివింది ఆమె కాదు, జోసెఫ్ హెన్రీ అనే ప్రొఫెసరు. ఆడవాళ్ళ కాలేజీ గోడ పత్రికలో ఈ ముక్క చెప్పకుండా పోవడానికి మనసొప్పలేదు. మూడేళ్ళ తర్వాత జాన్ టిండాల్ లండన్‌లో ఇంకా కచ్చితమైన పరికరాలతో ఇది ఎందుకు జరుగుతుందో తేల్చాడు. 1896లో, మన నాయుడుగారికి మూడేళ్ళప్పుడు, స్వీడన్‌లో అర్హీనియస్ అనే ఆయన గాలిలో ఈ వాయువు రెట్టింపు అయితే భూమి అయిదారు డిగ్రీలు వేడెక్కుతుందని చేత్తో లెక్క కట్టాడు. ఇప్పటి లెక్కల్లో అది మూడు డిగ్రీల దగ్గర తేలుతోంది. కంప్యూటర్లు లేని రోజుల్లో అంత దగ్గరికి రావడం మామూలు మాట కాదు.

అసలు ఈ వేడి ఎలా నిలుస్తుంది? ఎండ నేల మీద పడుతుంది, నేల వేడెక్కుతుంది. ఆ వేడిని నేల మళ్ళీ ఆకాశంలోకి వదులుతుంది, కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా. గాలిలో దాదాపు 99 పాళ్ళు ఉండే నైట్రోజన్, ఆక్సిజన్ ఆ కిరణాల్ని ఆపవు, పోనిస్తాయి. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ లాంటివి మాత్రం పట్టుకుంటాయి. పట్టుకుని అన్ని దిక్కులకూ తిరిగి వదులుతాయి. అందులో కొంత మళ్ళీ నేలకే వస్తుంది. మార్గశిర మాసంలో ఆకాశం తేటగా ఉన్న రాత్రి తెల్లవారేసరికి చలి కొరుకుతుంది, మబ్బు కమ్మిన రాత్రి అంత చలి ఉండదు. పైన ఆవిరి, మబ్బు ఉంటే నేల వేడి తొందరగా జారిపోదని మన అవ్వలకు పుస్తకం లేకుండానే తెలుసు. అలాంటి పనే కార్బన్ డయాక్సైడ్ పగలూ రాత్రీ, ఏడాదంతా, లోకమంతటా చేస్తుంది. వీటికి హరితగృహ వాయువులని పేరు. ఊటీ బొటానికల్ గార్డెన్‌లో అద్దాల ఇల్లు చూసినవాళ్ళకు ఆ పేరు ఎందుకో తెలుస్తుంది. పోలిక మాత్రం పూర్తిగా సరిపోదు, అద్దాల ఇల్లు ముఖ్యంగా వేడిగాలి బయటికి పోకుండా ఆపి వెచ్చగా ఉంటుంది. పేరు అలా నిలిచిపోయింది, అంతే.

ఈ వాయువులు చెడ్డవని మాత్రం అనుకోకండి. అవి అసలే లేకపోతే భూమి సగటు వేడి సున్నాకు కింద 18 డిగ్రీలు ఉండేది. ఇప్పుడు 15 దగ్గర ఉంది. అంటే మనం బతికి ఉండడమే వాటి చలవ. పేచీ అంతా ఎంత ఉండాలన్న దగ్గరే. ఫ్యాక్టరీలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్ళకు 280 పాళ్ళు కార్బన్ డయాక్సైడ్ ఉండేది. నాయుడుగారు పుట్టిన నాటికి 295 దగ్గరికి వచ్చింది. మంచు పొరల్లో చిక్కుకున్న పాత గాలి బుడగలు ఆ లెక్క చెబుతున్నాయి.

మళ్ళీ ఆయన దగ్గరికి వద్దాం. బండి మెకానిక్కుగా పని నేర్చాక పత్తి వ్యాపారంలో దిగారు. తిరుప్పూరులో డబ్బు సంపాదించారు, బొంబాయిలో పోగొట్టుకున్నారు. 1920లో కోయంబత్తూరులో ఉండే స్టేన్స్ దొర అప్పు ఇచ్చి సాయపడితే ఒక బస్సు కొన్నారు. పొల్లాచ్చి నుంచి పళనికి దాన్ని తానే నడిపారు. కొన్నేళ్ళలోనే యూ.ఎం.ఎస్. పేరుతో వందల బస్సులయ్యాయి. టైము అంటే టైమే, టికెట్టు అంటే టికెట్టే. ఆయన బస్సు వచ్చిందంటే గడియారం చూడక్కర్లేదని అనుకునేవారట.

పొల్లాచ్చి నుంచి పళనికి ఉడుమలైపేట మీదుగా అరవై కిలోమీటర్లు దాటుతుంది. ఆ బస్సు లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చిందనుకుందాం. పదహారు లీటర్లు కాలుతుంది. కార్బన్ డయాక్సైడ్ 37 కిలోల దాకా బయటికి వస్తుంది. బస్సులో ఇరవై మంది ఉన్నారనుకుంటే తలకు రెండు కిలోలు కూడా పడదు. ఇవాళ అదే దారిలో ఒక్క మనిషి కారులో పోతే, లీటరుకు పదిహేను కిలోమీటర్లు ఇచ్చే మంచి కారే అయినా, ఆ ఒక్కడి వాటాకు పది కిలోలు వస్తుంది. వందేళ్ళ కిందటి మోటు ఇంజను, ఇప్పటి నాజూకు ఇంజను, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. లెక్క తేల్చేది ఇంజను ఒక్కటే కాదు, అందులో ఎంతమంది కూర్చున్నారు అన్నది కూడా. నాయుడుగారికి గాలి ఆలోచన లేదు, ఖాళీ సీటు ఉంటే నష్టం అన్న ఆలోచన ఉంది. ఆ వ్యాపార బుద్ధి వల్ల గాలికి కూడా మేలే జరిగింది.

ఇంకొక సంగతి. ఈ వాయువు నాలుగు వానలు పడితే కడుక్కుపోయేది కాదు. కొంత సముద్రం పీల్చుకుంటుంది, కొంత చెట్లు తీసుకుంటాయి, మిగిలింది శతాబ్దాల తరబడి ఉండిపోతుంది. ఇవాళ వదిలినదాంట్లో మూడో వంతుకు పైనే వందేళ్ళ తర్వాత కూడా గాలిలో ఎక్కువగా మిగిలి ఉంటుంది. 1920లో ఆ బస్సు ఒక ట్రిప్పులో వదిలిన 37 కిలోల్లో పన్నెండు కిలోలకు తక్కువ కాకుండా ఇప్పుడు మన నెత్తి మీద ఉన్నట్టే.

1930ల్లో ఆయన యూరపు తిరిగారు. 1936లో ఇంగ్లాండు రాజు అయిదో జార్జి అంత్యక్రియల్ని తన కెమెరాతో తీశారు. బ్యాటరీతో నడిచే రేజరు చేసి రాసంత్ అని పేరు పెట్టారు. పలచని బ్లేడు, పండ్ల రసం తీసే యంత్రం, ఓట్లు లెక్కపెట్టే యంత్రం, కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను, ఇలా చెప్పుకుంటూ పోతే గోడ చాలదు. వీటన్నిటి గురించి ఇదివరకే చాలామంది రాశారు. నాకు మాత్రం వీటన్నిటికంటే పెద్దదిగా తోచేది మోటారు.

1930ల మొదట్లో నీలగిరుల్లో పైకారా దగ్గర నీళ్ళు కొండ మీంచి కిందికి పడే చోట కరెంటు తీయడం మొదలైంది. ఆ కరెంటు కోయంబత్తూరు దిగింది. మిల్లులు వరసగా లేచాయి. కరెంటు ఉంటే మోటారు కావాలి, మోటార్లు సీమ నుంచి వచ్చేవి. పీలమేడులో నాయుడుగారి నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో డి. బాలసుందరం నాయుడు చేతుల మీదుగా 1937లో ఇక్కడే మోటారు తయారైంది. దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారు అదేనని చెబుతారు. తర్వాత ఈ ఊరు మోటార్లకు, పంపుసెట్లకు పుట్టిల్లు అయింది. ఎద్దులతో కపిల తోలి నీళ్ళు తోడిన బావుల్లో మోటార్లు దిగాయి. ఎద్దులు కూడా నెమరు వేస్తూ మీథేన్ వదులుతాయి, అది వేరే సంగతి. మదురై పక్క వైగై నీళ్ళు నిలిచే వరిమళ్ళు కూడా మీథేన్ వదులుతాయి. అది కార్బన్ డయాక్సైడ్ కంటే గట్టిగా వేడిని పట్టుకుంటుంది, కానీ పన్నెండేళ్ళ దగ్గర్లో చాలావరకు పోతుంది.

మోటారులో ఏమీ మండదు, పొగగొట్టం ఉండదు. మోటారు శుభ్రమా కాదా అన్నది కరెంటు ఎక్కడ పుట్టింది అన్నదాని మీద ఉంటుంది. పైకారాలో పడే నీళ్ళతో పుడితే మండించే పనే లేదు. బొగ్గుతో పుడితే పొగగొట్టం మన ఇంటి దగ్గర్నుంచి ఇంకో ఊరికి మారింది అంతే. కోయంబత్తూరు మోటార్ల తొలి రోజుల్లో తిరిగింది నీటి కరెంటుతో. కావాలని చేసిన మంచి కాదు, కొండ దగ్గరగా ఉంది కాబట్టి కుదిరింది.

ఆ మోటారు తయారైన మరుసటి ఏడే, 1938లో, ఇంగ్లాండులో గై కాలెండర్ అనే ఆవిరి యంత్రాల ఇంజనీరు, నాయుడుగారికంటే అయిదేళ్ళు చిన్న, లోకంలోని వాతావరణ కేంద్రాల పాత లెక్కలన్నీ తీరిక వేళల్లో కూర్చుకుని భూమి అప్పటికే వేడెక్కుతోందని చూపించాడు. బొగ్గు, నూనె కాల్చడమే కారణం అన్నాడు. పండితులు పెద్దగా నమ్మలేదు. ఆయనకే అది ప్రమాదంగా తోచలేదు, చలిదేశాలకు మంచిదే అనుకున్నాడు. ఇద్దరూ యంత్రాల మనుషులే. ఒకరు యంత్రం లోపల చూశారు, ఇంకొకరు యంత్రం వదిలినదాని వెంట పోయారు.

1945లో నాయుడుగారు పూనుకుని ఆర్థర్ హోప్ పేరుతో కోయంబత్తూరులో ఇంజనీరింగు కాలేజీ పెట్టించారు. అదే ఇప్పటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ. నాలుగేళ్ళ చదువు రెండేళ్ళలో చెప్పవచ్చని ఆయన పట్టు. ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఆయన ప్రిన్సిపాలు పదవి వదిలేశారు. ఒప్పుకోని మనిషి ఆయన. పన్నుల మీద కోపంతో తాను చేసిన వస్తువుల్ని జనం ముందే పగలగొట్టించారు కూడా. అది నాకు నచ్చని పని. అంత కష్టపడి చేసిన వాటిని పగలగొట్టడం దేనికి?

1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారు చేశారు. ధర రెండు వేలు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు, కారు ఆగిపోయింది. మన ఇండ్లలో ఇప్పటికీ ఆ మాట వస్తే పెద్దవాళ్ళు బాధపడతారు. వాళ్ళ బాధలో న్యాయం ఉంది. చేయగలిగినవాడిని చేయనివ్వకపోవడం అన్యాయమే. కానీ రెండు వేలకు కారు అంటే ఎన్ని లక్షల కార్లు రోడ్డెక్కేవి అని కూడా ఇప్పుడు మనకు ఆలోచన వస్తుంది. రెండూ ఒకేసారి మనసులో పెట్టుకోవడం కష్టంగానే ఉంటుంది.

ముసలితనంలో ఆయన మనసు మొక్కల మీదికి పోయింది. మనిషి ఎత్తు దాటిన పత్తి మొక్కలు, కొత్త రకం బొప్పాయి పెంచారు. మొక్క చేసేది ఇంజనుకు తిరగబడ్డ పని. గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుని, ఆక్సిజన్ వదిలి, కార్బన్‌ను కట్టెగా, ఆకుగా, పండుగా చేసుకుంటుంది. అయితే ఆ పత్తికట్టెను పొయ్యిలో పెడితే నిన్నటి గాలిలోది మళ్ళీ గాలిలోకే పోతుంది, కొత్తగా కలిసేది లేదు. పెట్రోలు, బొగ్గు అలా కాదు. కోట్ల ఏళ్ళ కింద భూమిలోకి పోయిన కార్బన్‌ను తవ్వి పైకి తెచ్చి కాలుస్తున్నాం. చెట్లు నాటితే చాలు అని ఉపన్యాసాల్లో చెప్పేవాళ్ళు ఈ తేడా చెప్పరు.

1958లో చార్లెస్ కీలింగ్ హవాయి దీవిలో ఒక కొండ మీద గాలిని రోజూ కొలవడం మొదలుపెట్టాడు. మొదటి లెక్క 315 దగ్గర తేలింది. నాయుడుగారు 1974 జనవరి 4న పోయారు. అప్పటికి 330. ఆయన ఎనభై ఏళ్ళ జీవితంలో పెరిగింది 35 పాళ్ళు. ఆయన పోయిన తర్వాత యాభై ఏళ్ళలో పెరిగింది 90కి పైన, 2024లో 420 దాటింది. ఫ్యాక్టరీలకు ముందు కాలంతో పోలిస్తే భూమి సగటున ఒక డిగ్రీకి పైన వేడెక్కింది. 2024 ఒక్క ఏడాదే తీసుకుంటే ఒకటిన్నర డిగ్రీల దగ్గరికి పోయింది. అంటే ఆయన తరం చేసినదానికంటే మన అమ్మానాన్నల తరం, మన తరం చేసిందే ఎక్కువ. పాత బస్సుల్ని నిందించి తప్పించుకోలేం.

ఆయన పోయిన మరుసటి ఏడు, 1975లో, వీరభద్రన్ రామనాథన్ అనే శాస్త్రవేత్త అప్పట్లో ఫ్రిజ్‌లలో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు కూడా హరితగృహ వాయువులేనని, అణువుకు అణువు చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే వేల రెట్లు గట్టివని చూపించారు. ఆయన మొదటి ఉద్యోగం సికింద్రాబాదులో ఫ్రిజ్‌ల కంపెనీలో. ఫ్రిజ్ లోంచి వాయువు ఎందుకు కారిపోతోందో చూడడం ఆయన పని. కారిపోయింది ఎక్కడికి పోతుందని తర్వాత అడిగారు.

నాయుడుగారు మొదటి బస్సు నడిపిన పొల్లాచ్చి, పళని దారిలో ఉడుమలైపేట పక్క ఇప్పుడు గాలిమరలు బారులు తీరి ఉన్నాయి. పాలక్కాడు కనుమలోంచి వచ్చే గాలి వాటిని తిప్పుతుంది. ఆడి మాసంలో బాగా తిరుగుతాయి, గాలి లేని నెలల్లో నిలబడిపోతాయి. అప్పుడు నైవేలి, మేట్టూరు లాంటి చోట్ల బొగ్గు కాల్చి తీసిన కరెంటే కోయంబత్తూరు మోటార్లకు ఎక్కువగా దిక్కు. పైకారా మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది.